మసక వేసిన ఇల్లు

మా ఆఫీసులో పని ముఖాలు చెరపడం.

నెత్తిన కెమెరా పెట్టుకున్న కారు ఒకటి ఊరంతా తిరుగుతుంది. పది అడుగులకొకసారి చుట్టూ ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలన్నీ వరసగా పేరిస్తే, ఎక్కడో కూర్చుని ఫోను పట్టుకున్న మనిషి కూడా ఈ ఊళ్ళో వీధి వీధీ నడిచి చూసుకోవచ్చు. అయితే ఫోటోలో పడ్డవాళ్ళెవరూ మమ్మల్ని తీయండి అని అడగలేదు కదా. అందుకని బయటకు వదిలే ముందు మనుషుల ముఖాలూ, బండ్ల నంబర్లూ మసక చేయాలి. చాలామటుకు మిషనే చేస్తుంది. దాని కంటికి ఆననివి మా వంతు. ఒక్కోసారి గోడ మీద పోస్టర్లో నవ్వుతున్న పళ్ళ డాక్టరుకి మసక వేసి, ఆ గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషిని వదిలేస్తుంది.

హాల్లో పద్నాలుగు మంది ఉంటాం. నా పక్క సీటు ఆవిడని అందరూ రేడియో అంటారు. నన్ను సైలెంటు అంటారు. మా పై అధికారి ఏ మాటైనా "మెల్లగా, మెల్లగా" అంటూ మొదలుపెడతాడు కాబట్టి ఆయన మెల్లగా సార్.

చేరిన రోజే నియమాలు చెప్పారు. ముఖమూ నంబరూ తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. ఇల్లు మొత్తానికి మసక వేయాలంటే అందులో ఉంటున్నవాళ్ళు సంతకం పెట్టిన కాగితం రావాలి. ఒకసారి వేసిన మసక మళ్ళీ తీయలేం, ఎందుకంటే అసలు ఫోటో ఆ క్షణంలోనే పోతుంది. ఈ చివరి నియమమంటే మెల్లగా సార్‌కి మహా గర్వం. "మనం దాచిపెట్టం అమ్మా, పోగొడతాం. దాచిపెట్టినదాన్ని ఎప్పటికైనా ఎవరో ఒకరు తీస్తారు" అనేవాడు.

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం నా వంతుకు వచ్చిన ఫోటోల్లో మా పిన్ని కనిపించింది.

మేడ మీద బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. ముఖానికి మిషను అప్పటికే మసక వేసేసింది, పని పద్ధతిగానే జరిగింది. కానీ ఎడమ చేయి నడుము మీద ఉంది. తల ఒక పక్కకి వంచి ఉంది, ఎవరో పిలిస్తే వినపడనట్టు నటిస్తున్న మనిషిలా. పిన్ని ఎప్పుడూ అలాగే నిలబడుతుంది. వెనక కిటికీకి ముదురు గోధుమరంగు మీద తెల్ల ఆకులున్న కర్టెన్. అది ఒకప్పుడు దుప్పటి. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు పిన్ని సంచిలో కుక్కుకున్న నాలుగు వస్తువుల్లో అదొకటి. రెండుగా కత్తిరించి అంచులు కుట్టేటప్పుడు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆ దుప్పటి ఏరి కొన్నది బాబాయి.

మా బాబాయి చెడ్డవాడని ఎవరూ అనరు. చేయెత్తలేదు, గొంతెత్తలేదు. ఆయనకి తెలిసేది, అంతే. "ఇవాళ కిటికీ దగ్గర పావుగంట కూర్చున్నావే?" అనేవాడట సాయంత్రం రాగానే. "మూడుసార్లు నీళ్ళు తాగావు, ఒంట్లో బాగానే ఉందా?" అనేవాడట. ఏ గదిలో ఏ మూల ఏం పెట్టాడో, ఫోన్లో ఏం చూసేవాడో పిన్నికి చివరిదాకా తెలియలేదు. "ఏడేళ్ళు ఎవరూ చూడకుండా ఒక్క ఆవులింత తీయలేదే నేను" అని ఒకసారి చెప్పింది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఈ ఊరి బస్టాండులో దిగింది. మేడ మీద గది అద్దెకి తీసుకుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఎక్కడుందో మా అమ్మకి కూడా చెప్పలేదు. అమ్మ నోట్లో మాట ఆగదు. నాకు ఒక్కదానికే తెలుసు.

ముఖం చెరిపితే మనిషి పోతాడని మా ఆఫీసు లెక్క. పెనిమిటికి ముఖంతో ఏం పని?

ఆ ఇల్లు మొత్తానికి, నేల నుంచి పిట్టగోడ దాకా, మసక వేశాను. 'కాగితం వచ్చింది' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఏ కాగితమూ రాలేదు. పిన్నికి చెప్పలేదు. చెబితే కంగారు పడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను చేసిన మంచిపనిని చూసుకుని నేనే మురిసిపోయాను.

హాల్లో ముందు గోడకి పెద్ద తెర ఒకటుంటుంది. ఊరి పటం మీద ఎర్ర చుక్కలు. ఎవరైనా ఫోన్లో ఏ వీధి చూస్తుంటే ఆ వీధిలో చుక్క వెలుగుతుంది. చూసేది ఎవరో మాకు తెలియదు. ఎక్కువమంది చూసే వీధుల్లో తప్పులుంటే ముందు దిద్దాలని ఆ ఏర్పాటు. మామూలుగా చుక్కలు ఎగురుతుంటాయి: ఇక్కడ హోటలు, అక్కడ ఆసుపత్రి, మాయం.

ఒక చుక్క మాత్రం ఎగరడం లేదని మొదట కనిపెట్టింది రేడియో.

"అటు చూడవే సైలెంటూ. ఈయనెవరో నడుస్తున్నాడు!"

నిజంగానే నడుస్తోంది. ఇంటి ముందు ఆగుతుంది, పక్కింటి ముందు ఆగుతుంది, దాని పక్కింటి ముందు ఆగుతుంది. వీధి చివరిదాకా కుడివైపు ఇళ్ళు, వెనక్కి తిరిగి ఎడమవైపు ఇళ్ళు. ఆ తర్వాత పక్క వీధి. ఒక్క గుమ్మం వదలదు. పొద్దున పదికి మొదలై, రోజుకి మూడు వీధులు.

"మా ఆయన కంటే నయం, రోజూ వాకింగుకి వెళ్తున్నాడు" అంది రేడియో.

"చెప్పులు అరగవు, కుక్కలు వెంటపడవు" అన్నారు వెనక సీటులోంచి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి అది హాలు మొత్తానికి అలవాటైపోయింది. రాగానే "మన నడిచే ఆయన ఎక్కడిదాకా వచ్చాడు?" అని చూసుకునేవాళ్ళం. కొన్ని ఇళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగేవాడు. ఊరికే, ఒకసారి ఆ ఫోటోలు తెరిచి చూశాను. ఒకదాంట్లో బట్టలు ఆరేస్తున్న ఆడమనిషి. ఇంకోదాంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న వరండా. మరోదాంట్లో మళ్ళీ బట్టల తీగ, మళ్ళీ ఒక ఆడమనిషి, ముఖం లేకుండా.

ఫోటోలన్నీ మూసేశాను. అయినా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఊళ్ళో బట్టలు ఆరేయని ఇల్లేది అని.

తర్వాతి గురువారం ఒక నర్సు, డ్యూటీ బట్టల్లోనే, కౌంటరు దగ్గరకొచ్చి కాగితం పెట్టింది.

"నిరుడు మా ఇంటికి మసక వేయమని నేనే అడిగాను. ఇప్పుడు తీసేయండి."

"మెల్లగా, మెల్లగా. అది తీయడం కుదరదమ్మా" అన్నాడు సార్. "ఏమైంది?"

"మంగళవారం సాయంత్రం ఒకాయన వచ్చి గేటు ముందు నిలబడ్డాడండీ. ఎవరు కావాలి అంటే, 'ఎవరూ వద్దమ్మా, ఇక్కడ ఏముందో చూద్దామని' అన్నాడు. ఎంతో మర్యాదగా. మేడ మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు."

మంగళవారం చుక్క ఎక్కడుందో వెనక్కి తిప్పి చూశాను. పొద్దున పదకొండుకి ఆ నర్సు ఇంటి మసక ముందు ఇరవై రెండు నిమిషాలు నిలబడింది. అంతసేపు అది ఎక్కడా నిలబడలేదు.

"మరి నిలబడడా?" అంది రేడియో, విషయం తెలియకుండానే. "వీధిలో అందరూ మామూలుగా ఉండి ఒక్కరు ముసుగేసుకుంటే, నువ్వెవరి వంక చూస్తావే?"

నేను పిన్నిని దాచలేదు. ముప్పై ఒక్క ఇళ్ళ వీధిలో ఒక్క పిన్ని ఇంటికి జెండా పాతాను. వదిలేసి ఉంటే బట్టలారేసే ఆడవాళ్ళలో ఒకతిగా, రెండు మూడు నిమిషాల్లో పోయేదేమో. పోయేది కాదేమో, ఆ కర్టెన్ ఉంది. ఇప్పుడు ఆ రెండిట్లో ఏదీ తెలుసుకునే దారి లేదు, అసలు ఫోటో పోయింది.

చుక్కకీ పిన్ని వీధికీ మధ్య వీధులు లెక్కపెట్టాను. ఇరవై ఏడు. రోజుకి మూడు. తొమ్మిది రోజులు.

*

సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. పిన్ని కుట్టుమిషన్ మీద ఉంది, చుట్టూ నీలం చొక్కాల గుట్ట.

"ఏంటే, పనిరోజు వచ్చావు? ఉద్యోగం ఊడిందా?"

చెప్పాను. ఫోటో నుంచి నర్సు దాకా మొత్తం. పిన్ని తొక్కడం ఆపింది.

"నన్ను అడగాలనిపించలేదా నీకు?"

"నీ మంచికే కదా పిన్నీ..."

"ఆయన కూడా నా మంచికేనే అనేవాడు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. "ఆయన అటునుంచి చూస్తున్నాడు, నువ్వు ఇటునుంచి చూశావు. నడుమ నేను బట్టలారేసుకుంటున్నాను, వెర్రిదాన్ని."

జారిపడ్డ చొక్కా ఒకటి తీసి గుట్ట మీద పెట్టాను.

తర్వాత తనే అడిగింది. "ఆ చుక్క బాబాయే అని ఎలా అనుకుంటున్నావు? పేరుందా, ముఖముందా?"

"లేవు. నడిచే తీరే. కుడివైపంతా అయ్యాక ఎడమవైపు. ఒక్క ఇల్లు వదలడు."

పిన్ని చేతిలో కత్తెర కింద పెట్టింది.

"మధ్యాహ్నం ఆగుతాడా?"

"ఒంటిగంటా పదికి. మళ్ళీ ఒకటీ నలభైకి మొదలవుతాడు. రోజూ అంతే."

"ఒకటీ పది" అంది పిన్ని. చాలా మెల్లగా, గదిలో ఎవరో పడుకున్నట్టు. "ఒకసారి ఇంట్లో సూది పోయింది. కొత్తది కొందామంటే వినడే. కుడి గోడ నుంచి మొదలుపెట్టి, జానెడు జానెడు నేలంతా వెతికాడు. నాలుగు రోజులు. దొరికాక కోప్పడలేదు కూడా. నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, 'పోగొట్టుకోకు' అన్నాడు."

ముఖం లేదు, పేరు లేదు. అయినా పిన్ని ఆయన్ని గుర్తుపట్టింది. ఈ ఊరికి ముందు ఇలా ఎన్ని ఊళ్ళు వెతికి వచ్చాడో. నేను తెర మీద వెనక్కి తిప్పి చూసింది కూడా ఒక మనిషి పగళ్ళే అని అప్పుడు తట్టింది. ఆయన ఎప్పుడు తింటాడో నాకు తెలుసు. తెలుసుకునే హక్కు నాకెవరిచ్చారు?

"వేరే ఊరు వెళ్ళిపోదాం పిన్నీ."

"వెళ్ళను. ఆవులించడం మళ్ళీ ఈ గదిలోనే నేర్చుకున్నాను." లేచి కిటికీ కర్టెన్ ఊడదీసి, మడత పెట్టి, బీరువాలో అడుగున పెట్టింది. "ఒక్క ఇల్లు మసకైతే జెండా. వీధి మొత్తం మసకైతే?"

"అందరి సంతకాలూ కావాలి."

"అయితే అడుగుదాం. నువ్వు నన్ను అడగలేదు చూడు, అలా కాకుండా."

రెండేళ్ళలో పిన్ని ఆ వీధిలో ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు ఒంటరిగా ఉందో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు దాక్కోవడానికి ముప్పై గుమ్మాలు ఎక్కి ఆ సంగతే చెప్పాలి. మొదటి ఇంట్లో గుసగుసగా చెప్పింది, చెంగు నలిపేస్తూ. అయిదో ఇంటికి గొంతు సర్దుకుంది. పదో ఇంటికి వచ్చేసరికి కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇస్త్రీ బండి ఆయన సంతకం పెడుతూ, "అమ్మా, నా బండి కూడా మసకైపోతే గిరాకీ ఎలా వస్తుంది?" అన్నాడు.

"వాసన చూసి వస్తారులే, రోజూ ఎవరిదో ఒకరిది కాలుస్తావుగా" అంది ఎదురింటి టీచరమ్మ.

మూలింటాయన మాత్రం గింజుకున్నాడు. "మొన్ననే రంగు వేయించానండీ! మా బావమరిది ఫోన్లో చూసి కుళ్ళుకున్నాడు కూడా."

"కుళ్ళుకున్నాడుగా, ఇంకా ఎందుకు?" అని ఆయన భార్య కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది. పిన్నిని గుమ్మం దాకా సాగనంపుతూ, "మా చెల్లికీ ఇలాగేనమ్మా" అని మాత్రం అంది.

పిన్ని పక్కింట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. అంతా విని, కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివి, పక్కన పెట్టేశారు. ఫోను తీసి చూపించారు. వాళ్ళ ఇంటి ఫోటో. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన, కాలు మీద కాలు వేసుకుని. ముఖం మసక.

"కారు వచ్చి వెళ్ళిన వారానికే పోయారమ్మా. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్ళిళ్ళ ఫోటోలు, బిగుసుకుని నిలబడినవి. ఆయన ఆయనలా కూర్చున్నది ఇదొక్కటే. రోజూ పొద్దున్నే ఫోన్లో మా వీధిలోకి వచ్చి చూసుకుని వెళ్తాను." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. పిన్నివైపు చూశారు. "కానీ ఉన్నవాళ్ళ ప్రాణం ముందు కదా. ఇలా ఇవ్వు, పెడతాను."

ఆ ఫోటో చెరిపితే మళ్ళీ రాదని నాకు తెలుసు. నోరు తెరవబోయాను. పిన్ని నా కంటే ముందే కాగితం తీసుకుని మడిచేసింది.

"వద్దు మామ్మగారూ. ఆయన్ని కూర్చోనివ్వండి."

*

ముప్పై కాగితాలు సార్ బల్ల మీద పెట్టాను. పిన్ని కాగితం కూడా అందులోనే ఉంది.

"మెల్లగా, మెల్లగా. వీధి మొత్తమా?" ఒక్కొక్కటే తిరగేశాడు. పిన్ని కాగితం దగ్గర ఆగాడు. కాగితం మీద ఇవాల్టి తేదీ, కంప్యూటర్లో నా టిక్కుకి మూడు నెలల కిందటి తేదీ. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"తప్పు నాదే సార్" అన్నాను. ఆ ఆఫీసులో నేను అంత పైకి మాట్లాడడం అదే మొదలు.

"నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది సార్."

ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు. రెండు రోజులు కూర్చుని ఇంటి తర్వాత ఇల్లు చెరిపాను. కొత్త రంగు గోడ, ఇస్త్రీ బండి, టీచరమ్మ పూలకుండీలు. అన్నీ బూడిద రంగు పొగలా అయిపోయాయి. ఆ పొగ నడుమ ఒకే ఒక్క గుమ్మం, కుర్చీలో ముఖం లేని ముసలాయన.

తొమ్మిదో రోజు పదకొండున్నరకి చుక్క ఆ వీధి మలుపు తిరిగింది.

మొదటి మసక ముందు ఆగింది. రెండో దాని ముందు ఆగింది. మూడో దగ్గర కొంచెం వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకి వెళ్ళింది. దాని ఆగడంలో ఇంతకుముందెప్పుడూ లేని తడబాటు. రేడియో ఊళ్ళో కబుర్లు చెబుతోంది, నాకేమీ వినపడటం లేదు. పిన్ని ఇంటి ముందు ఆగింది. మిగతావాటి ముందు ఆగినంతసేపే. పక్కింటికి జరిగింది. అక్కడ నిలబడిపోయింది.

ఫోను మోగింది. పిన్ని.

"ఎక్కడున్నాడే?"

"మామ్మగారి ఇంటి ముందు."

బాల్కనీ తలుపు గడియ చప్పుడు వినిపించింది.

"ఇక్కడ వీధిలో ఎవరూ లేరే" అంది పిన్ని.

"తెలుసు."

"ఎండ తప్ప ఏమీ లేదు. అయినా వంగి చూడబుద్ధి కావడం లేదు."

ఒకటీ పది వరకు చుక్క ఆ ముసలాయన ముందే ఉంది. ఆరిపోయింది. ఒకటీ నలభైకి అక్కడే వెలిగింది. ఆ ముఖం లేని మనిషిని ఆయన ఏం అడుగుతున్నాడో, జానెడు జానెడు ఏం వెతుకుతున్నాడో. రెండున్నరకి కదిలింది. వీధి దాటి పక్క వీధిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆయన నిజంగానే వచ్చాడట. ఇస్త్రీ ఆయన తర్వాత చెప్పాడు. శుభ్రమైన చొక్కా, చేతిలో ఫోను. ఫోను కేసీ వీధి కేసీ మార్చి మార్చి చూసి, "మీ వీధంతా ఎందుకండీ ఇలా ఉంది?" అని అడిగాడట.

"ఎలా ఉందండీ?" అన్నాడట ఇస్త్రీ ఆయన. "నాకు బాగానే కనిపిస్తోందే! కళ్ళ డాక్టరు ఇక్కడికి దగ్గరే."

మేడ మీద పిన్ని మిషన్ తొక్కడం ఆపలేదట. ఆపితే చప్పుడు ఆగిన చోటు తెలిసిపోతుందని. ఆ వీధిలో ఇంకో మూడిళ్ళలో ఆడవాళ్ళు ఆ వేళకి మిషన్ల ముందు కూర్చున్నారట, కుట్టడానికేమీ లేకపోయినా. పిన్ని వాళ్ళను అడగలేదు. ఆయన చివరిదాకా నడిచి, వెనక్కి నడిచి, వెళ్ళిపోయాడు.

చుక్క ఊరంతా పూర్తిచేసింది. రెండు రోజులు కనిపించలేదు. పిన్ని చొక్కాల ముక్కలతో నీలం కర్టెన్ కుట్టుకుని కిటికీకి కట్టింది. ఆదివారం రమ్మని పిలిచింది.

మూడో రోజు పదింటికి చుక్క వెలిగింది.

"సైలెంటూ!" అంది రేడియో. "మన నడిచే ఆయన మళ్ళీ వచ్చాడే. అదేంటి, మన ఆఫీసు గేటు దగ్గరున్నాడు?"

నడవడం లేదు. నిలబడి ఉంది. మా గేటు ఫోటో తెరిచాను. కారు వచ్చిన రోజు గేటు పక్క నీడలో నేను నిలబడి ఉన్నాను. ముఖం మసక, అది వేసింది కూడా నేనే. నేను ఈ ఆఫీసులో పనిచేస్తున్నానని ఆయనకి తెలియడానికి అమ్మకి ఒక్క ఫోను చాలు. ఒక వీధి మొత్తాన్ని పొగ చేయగలిగేది ఏ ఆఫీసో తెలుసుకోవడానికి అది కూడా అక్కర్లేదు.

సొరుగులో ఖాళీ కాగితాలున్నాయి. నా పేరు రాసి నన్ను పూర్తిగా చెరిపేసుకోవచ్చు. కానీ ఇవాళ చెరిపితే, రేపు ఆయనకి అదే జవాబు. అందుకని సొరుగు తీయలేదు. ఫోటోలో నిలబడ్డ ఆ పిల్లని చూస్తూ కూర్చున్నాను, అటువైపు నుంచి ఆయన చూస్తున్నట్టే.

ఒంటిగంటకి పిన్నికి ఫోను చేశాను.

"ఈ ఆదివారం రావడం లేదు పిన్నీ."

"ఏం? పనా?"

పిన్నికి నా మౌనం బాగా తెలుసు.

"నీ దగ్గరికి వచ్చాడా?"

"చుక్కే. గేటు దగ్గర నా ఫోటో ఉంది, దాని ముందు. పొద్దున్నుంచీ."

"ముఖం కనబడుతోందా?"

"లేదు."

"మరి?"

మరి అనగానే ఫోటో కేసి ఇంకోసారి చూశాను. అన్నాళ్ళూ నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనెప్పుడూ నన్ను దూరం నుంచి చూసుకోలేదు. ఆ పిల్ల ఎడమ చేయి నడుము మీద ఉంది. తల ఒక పక్కకి వంచి ఉంది, ఎవరో పిలిస్తే వినపడనట్టు.

ఒకటీ పదికి చుక్క ఆరిపోయింది. నేను గోడ గడియారం చూస్తూ, ఒకటీ నలభై కోసం కూర్చున్నాను.